తల్లి బానిసైతే బిడ్డా బానిసే

ప్రశ్న: అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ వలసగా ఉన్న అమెరికాలోని వర్జీనియా పొగాకు తోటల్లో మొదట తెల్ల కూలీలే ఎక్కువంట కదండీ, మరి బానిసత్వం నల్లవాళ్ళ మీదే ఎలా పడింది?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: అవునమ్మా, ఓడ ఛార్జీకి బదులు కొన్నేళ్ళు చాకిరీ చేస్తామని అగ్రిమెంట్ రాసొచ్చిన ఇంగ్లీషు పేదలే ఎక్కువ, 1619లో 20 మందికి పైగా ఆఫ్రికన్లను తెచ్చి అమ్మారు. మీ ఊళ్ళో సెయింట్ జార్జి కోట కట్టడం మొదలైన 1640లోనే అక్కడ ముగ్గురు నౌకర్లు కలిసి పారిపోయి దొరికారు, ముగ్గురికీ 30 కొరడా దెబ్బలు, ఇద్దరు తెల్లవాళ్ళకి 4 ఏళ్ళు ఎక్స్‌ట్రా పని, నల్లవాడైన జాన్ పంచ్‌కి మాత్రం బతికున్నంతకాలం చాకిరీ. తప్పు ఒకటే కదా! ఇక 1662 చట్టం ఎప్పుడు చదివినా నాకు కడుపు తరుక్కుపోతుంది, తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి ఆ యజమానే అయినా సరే పొత్తిళ్ళలో పసిగుడ్డు కూడా ఆస్తి లెక్కే. 1676లో బేకన్ అనే తోట యజమాని అక్కడి గవర్నరు మీద లేపిన తిరుగుబాటులో తెల్ల, నల్ల కూలీలు కలిసి తుపాకులు పట్టేసరికి దొరలకి భయం పట్టుకుంది, 1705కల్లా బానిస చట్టాలన్నీ ఒకచోట చేర్చి ఇంకా బిగించేశారు.