రెండోసారి కీమో, మూడో ఏడాది బీటెక్: చదువు ఆపాలా?

ప్రశ్న: మాది గుంటూరు. బీటెక్ మూడో ఏడాది చదువుతున్నా. ఇంటర్‌లో ఉండగా హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చి, కీమోతో తగ్గింది. ఇప్పుడు మెడ దగ్గర మళ్లీ గడ్డ తేలింది. బయాప్సీలో అదే అన్నారు. మళ్లీ కీమో, తర్వాత నా కణాలతోనే స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేయాలట. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు, కాలేజీ మానెయ్’ అంటున్నారు. నాకు దగ్గు వస్తుందని యార్డు నుంచి రాగానే పెరట్లోనే స్నానం చేసి గానీ లోపలికి రారు. అంత మంచి మనిషి ఈ ఒక్క విషయంలో వినడం లేదు. అమ్మ చుట్టాలందరికీ టైఫాయిడ్ అని చెబుతోంది. కీమో ఫైలు అట్ట వెనక రోజూ అటెండెన్స్ లెక్కేసుకుంటున్నా. 67కి వచ్చింది. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్స్. ఒక్క సెమిస్టర్ కూడా పోగొట్టుకోలేను. నాన్నను ఎలా ఒప్పించాలి?

జవాబు: నీకంటే పెద్ద పిల్లలున్నదాన్ని, ‘నువ్వు’ అనే రాస్తాను.

నాన్న సంగతి తర్వాత. ముందు నాకు నీతోనే పేచీ ఉంది. ఆయన మొత్తం మానెయ్యమంటున్నారు, నువ్వేమో ఒక్క రోజూ వదలనంటున్నావు. కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు కదా అని మీ ఇంట్లో ఒక్కరూ అన్నట్టు లేదు.

ఆ 67 దగ్గరికే వద్దాం. మీది కాకినాడ జేఎన్‌టీయూ కింది కాలేజీ అయితే 75 శాతం ఉండాలి. 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్‌తో కాండొనేషన్, అంటే తగ్గిన అటెండెన్స్‌కి మినహాయింపు, అడగొచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ జూనియర్లతో చదవాల్సిందే. నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్లలోపు పూర్తి చేయనిస్తారు. అటానమస్ కాలేజీ అయితే రూల్స్ కొంచెం వేరుగా ఉండొచ్చు, ఆఫీసులో అడుగు. కాబట్టి ఈ సెమిస్టర్‌ను కాండొనేషన్‌తో గట్టెక్కించు. వచ్చే సెమిస్టర్‌ను ట్రాన్స్‌ప్లాంట్‌కి వదిలెయ్. మూడు నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉంటావు. ఆ తర్వాత కొన్ని నెలలు ఇన్ఫెక్షన్ భయంతో జనంలోకి పోనివ్వరు. ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సులో వేలాడుతూ కాలేజీకి వెళ్తానంటే నేనే ఒప్పుకోను, ఇంక మీ నాన్న ఎందుకు ఒప్పుకుంటారు? కాకపోతే చెప్పాపెట్టకుండా మానకు. ప్రిన్సిపాల్‌కి ముందే లెటర్ ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకో. తిరిగి చేరినప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏమవుతుందో కూడా అప్పుడే అడుగు. చాలామంది ఇది అడగడం మర్చిపోయి తర్వాత లబోదిబోమంటారు.

ఈలోపు క్లాసులకు వెళ్తానంటే వెళ్లు. కానీ కీమో అయ్యాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి, ఆ రోజులు ఇంట్లోనే ఉండు. జ్వరం 100.4 దాటితే ఆ పూట పరీక్ష ఉన్నా సరే, నేరుగా ఆస్పత్రికే. చదివింది గుర్తుండటం లేదని కంగారు పడకు, కీమోలో అది మామూలే. వేళ్లు తిమ్మిరెక్కి పెన్ను జారుతుంటే డాక్టరుకి చెప్పు. పరీక్ష రాసిపెట్టే మనిషిని ఇస్తారేమో ఎగ్జామ్ సెక్షన్‌లో ముందుగానే అడుగు.

ప్లేస్‌మెంట్ భయం ఉత్తదే అనను. కొన్ని కంపెనీలు చదువులో గ్యాప్ ఎందుకొచ్చిందని అడుగుతాయి. కానీ కాగితాలున్న గ్యాప్‌కి జవాబు చెప్పొచ్చు, నీరసంతో పరీక్షలు రాసి నాలుగు సబ్జెక్టులు పోతే ఇంటర్వ్యూ దాకా కూడా పోనివ్వరు. అడిగితే ‘ఆరోగ్యం బాగోక ఒక సెమిస్టర్ ఆపాను, చికిత్స అయిపోయింది’ అంటే చాలు. జబ్బు పేరు నువ్వు చెప్పాలనుకుంటేనే. చేరేటప్పుడు మెడికల్ ఫారం ఇస్తే మాత్రం అబద్ధం రాయకు. డిశ్చార్జి సమ్మరీలన్నీ ఒకచోట దాచు.

డబ్బు గురించి నువ్వు రాయలేదు గానీ, ఇంట్లో ఆ లెక్క నడుస్తూనే ఉంటుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే మొన్నటి ఆరోగ్యశ్రీలో, ఈ ట్రాన్స్‌ప్లాంట్ ఎంతవరకు వస్తుందో ఆస్పత్రిలో ఆ పథకం డెస్క్ దగ్గర అడగమని నాన్నకు చెప్పు. హైదరాబాద్ వెళ్లాల్సొస్తే చికిత్సకు ప్రయాణించే క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్, థర్డ్ ఏసీల్లో రైలు టికెట్ ఉచితం. తోడు వచ్చే ఒక్కరికి నాలుగో వంతు ఛార్జీయే. ఆస్పత్రి ఇచ్చే ఫారం చూపించాలి.

అమ్మ టైఫాయిడ్ కథ వెనక ఉన్నది నీ పెళ్లి బెంగ, నీకూ తెలుసు. చుట్టాలకు ఏం చెప్పుకున్నా పోనీ, కాలేజీలో ఒక్క లెక్చరర్‌కైనా నిజం తెలియాలి. ఇంకో మాట. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందిచ్చే పెద్ద డోసు మందులు అండాశయాలను దెబ్బతీయొచ్చు. అండాలను ఫ్రీజ్ చేయించుకునే వీలుందేమో ఈ కీమో మొదలుకాక ముందే డాక్టర్‌ని అడుగు. దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అడగడానికి అమ్మ సిగ్గుపడితే నువ్వే అడిగెయ్.

ఇక నాన్న. పెరట్లో స్నానం చేసి గానీ లోపలికి రాని మనిషి చదువు మీద కోపంతో మానెయ్యమనడం లేదు. రెండోసారి వచ్చిందనగానే ఆయనకు ఇంకేమీ వినబడటం లేదు. ఈసారి డాక్టర్ దగ్గరికి ఆయన్ని కూడా తీసుకెళ్లు. ఈ చికిత్స నయం చేయాలనే ఇస్తున్నారా అని ఆయన్నే అడగనివ్వు. హాడ్జ్‌కిన్‌లో తిరగబెట్టాక కూడా ట్రాన్స్‌ప్లాంట్‌తో నయమైనవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ మాట ఆయన డాక్టర్ నోటి నుంచి వినాలి. తర్వాత యార్డుకి సెలవున్న ఆదివారం ప్రిన్సిపాల్ లెటర్ ఆయన ముందు పెట్టు. ‘మానేస్తున్నా’ అని కాకుండా ‘ఫలానా నెలలో తిరిగి చేరతా’ అని రాసి ఉండాలి అందులో. కింద తండ్రి సంతకానికి చోటు వదులు.