జానీ క్యాష్: మీ ప్రశ్నలకు మా జవాబులు

కిందటి సంచికలో అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ (1932–2003) పాటలను పరిచయం చేశాం. వచ్చిన ఉత్తరాల్లో గిటారు నేర్చుకుంటున్నవాళ్లవే ఎక్కువ. అందుకే ముందు వాళ్ల ప్రశ్నలు.

ప్ర: ‘ఐ వాక్ ద లైన్’ పాటలో రైలు పోతున్నట్టు వినిపించే దరువు నా గిటారు మీద ఎంతకీ పలకడం లేదు. కార్డ్స్ సరిగ్గానే పడుతున్నాను. లోపం ఎక్కడ? (విజయవాడ)

జ: కార్డ్స్ సరిగ్గా ఉంటే చూడాల్సింది కుడిచేతినే. ప్రతి బీటుకీ ఆరు తీగలూ మీటేస్తే ఈ దరువు రాదు. 1, 3 బీట్లకు ఒక్క బేస్ తీగే మోగాలి. 2, 4 బీట్లకు సన్న తీగల మీద కిందికీ పైకీ పొట్టి దెబ్బ వేయాలి. ఇ మేజర్‌లో 1వ బీటుకు 6వ తీగ ఖాళీగా, 3వ బీటుకు 5వ తీగ 2వ ఫ్రెట్. ఎ మేజర్‌లో ముందు 5వ తీగ, తర్వాత 6వ తీగ, రెండూ ఖాళీగానే. డి మేజర్‌లో ముందు 4వది, తర్వాత 5వది. తొలి వారం బేస్ తీగలు మాత్రమే వాయించండి. అవి గడియారంలా నడిచాకే మిగతా దెబ్బ కలపండి.

ఇక ఆ ‘చిక చిక’ శబ్దానికి అసలు కారణం కాగితం. ఆ రికార్డింగులో డ్రమ్స్ లేవు. కంట్రీ సంగీతానికి పెద్ద వేదికైన నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీలో కూడా అప్పట్లో డ్రమ్స్‌ను ఆదరించేవారు కాదు. క్యాష్ తన గిటారు తీగల మధ్య కాగితం దూర్చి స్నేర్ డ్రమ్ లాంటి చప్పుడు పుట్టించాడు. మీరు చేయాలంటే మామూలు నోట్‌బుక్ కాగితాన్ని రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా మడవండి. ఒక తీగ కింద నుంచి, పక్క తీగ పై నుంచి, మళ్లీ కింద నుంచి చాప అల్లినట్టు దూర్చి, బ్రిడ్జి (గిటారు పెట్టె మీద తీగలు ఆనే పట్టీ) దగ్గరకు జరపండి. బ్రిడ్జికి దూరంగా ఉంటే శ్రుతి వినపడదు, ఉత్త టకటకే మిగులుతుంది. కాగితం మందమైతే తీగ బిగిసి శ్రుతి పైకి పోతుంది. వదులైతే నాలుగు లైన్లు పాడేలోపే సౌండ్ హోల్ వైపు జారిపోతుంది. కాగితం పెట్టాక మళ్లీ ట్యూన్ చేయడం మరవద్దు.

తోడుగా లీడ్ వాయించే స్నేహితుడుంటే, కుడి అరచేతి మడమను బ్రిడ్జి మీద ఆనించి, లావు తీగల నాదం సగం నొక్కేసి ఒక్కో స్వరమే పలికించమనండి. క్యాష్ బృందంలో లీడ్ గిటారు వాయించిన లూథర్ పెర్కిన్స్ పద్ధతి అదే. ఆయన, బేస్ వాయించిన మార్షల్ గ్రాంట్ ఇద్దరూ మెంఫిస్‌లో కార్ల మెకానిక్‌లు. తమకు వచ్చిన కొద్దిపాటి వాయిద్యాన్ని వాళ్లు తప్పు లేకుండా, ఒకే నడకలో వాయించారు. ఈ పాటల అందమంతా ఆ పొదుపులోనే ఉంది. దయచేసి సోకు స్వరాలు చేర్చకండి. క్యాష్ బృందంలోకి డ్రమ్మర్‌గా డబ్ల్యూ.ఎస్. హాలండ్ వచ్చింది 1960లో.

ప్ర: అదే పాటలో చరణానికీ చరణానికీ మధ్య ఆ మూలుగు ఎందుకు? చివరి చరణం నా గొంతుకు అందడం లేదు. (వరంగల్)

జ: ఆ పాట చరణం చరణానికీ శ్రుతి మారుస్తుంది. కొత్త శ్రుతిని గొంతులో పట్టుకోవడానికి క్యాష్ ముందుగా ‘ఊఁ’ అని నిలుపుతాడు. కేపోను (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) 1వ ఫ్రెట్‌లో పెట్టి ఇ, ఎ, డి, ఎ, ఇ అనే వరుసలో వాయిస్తే రికార్డింగుకు దగ్గరగా ఉంటుంది. ఐదో చరణానికి శ్రుతి మొదటిదే, కానీ పాడేది ఒక స్థాయి కింద. అక్కడే చాలామంది గొంతు ఆగిపోతుంది. దాన్ని అందుకోవడానికి కేపో పైకి జరిపితే మూడో చరణం మరీ పైకి పోతుంది. కాబట్టి ఐదోదాన్ని మొదటి చరణం స్థాయిలోనే పాడండి, తప్పేమీ లేదు.

ఇంకో మాట. క్యాష్ ఈ పాటను నెమ్మదిగా పాడాలనుకున్నాడు. వేగం పెంచమన్నది ఆ పాటను రికార్డు చేసిన కంపెనీ సన్ రికార్డ్స్ యజమాని శామ్ ఫిలిప్స్. 1956లో రేడియోలో విన్న క్యాష్ ఆ రికార్డు ఆపేయమని అడిగాడట కూడా. ఆయన తొలి కంట్రీ నంబర్ వన్ పాట అదే అయింది. నెమ్మదిగా సాధన చేసేవాళ్లు ఆఖరుకు అసలు వేగానికి రావాల్సిందే. లేకపోతే దరువు చచ్చుబడుతుంది.

ప్ర: ఇంట్లో రికార్డు చేస్తున్నాను. సన్ రికార్డ్స్ పాటల్లోని ప్రతిధ్వని ఎలా తేవాలి? రివర్బ్ పెడితే గుహలో పాడినట్టుంది. (బెంగళూరు)

జ: అది గదంతా నిండే రివర్బ్ కాదు, ఒక్కసారే తిరిగొచ్చే ‘స్లాప్‌బ్యాక్’. ఫిలిప్స్ రెండు టేపు యంత్రాలు వాడేవాడు. రెండో యంత్రంలో రికార్డు చేసే హెడ్ దాటి వినిపించే హెడ్‌కు టేపు చేరేసరికి సెకనులో చిన్న భాగం గడుస్తుంది. ఆ ఆలస్యమైన శబ్దాన్ని అసలు దానితో కలిపేవాడు. మీ సాఫ్ట్‌వేర్‌లో డిలే (శబ్దాన్ని ఆలస్యంగా తిరిగి వినిపించేది) తెరిచి 120–140 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని మళ్లీ మళ్లీ రావడం) సున్నా, మిక్స్ 20–25 శాతం పెట్టండి. ప్రతిధ్వని ఒక్కసారే రావాలి. దానిలో పై ఫ్రీక్వెన్సీలు కాస్త తగ్గిస్తే టేపు గుణం వస్తుంది. డిలే 250 దాటితే మలి దెబ్బతో గుద్దుకుని దరువు చెదిరిపోతుంది.

ప్ర: ఆయన జైలుశిక్ష అనుభవించాడా? ‘ఫాల్సమ్ ప్రిజన్ బ్లూస్’ సొంత కథేనా? (కర్నూలు)

జ: కాదు. చిన్న చిన్న కేసుల్లో లాకప్‌లో రాత్రులు గడిపాడు గానీ జైలుశిక్ష ఎన్నడూ అనుభవించలేదు. వాటిలో పెద్దది 1965 అక్టోబరులో మెక్సికో సరిహద్దు ఊరైన ఎల్ పాసోలో జరిగింది. గిటారు పెట్టెలో 688 డెక్సెడ్రిన్ (ఉత్తేజం కలిగించేవి), 475 ఈక్వానిల్ (ఆందోళన తగ్గించేవి) మాత్రలు దొరికాయి. హెరాయిన్ కోసం వెతికిన అధికారులకు దొరికినవి డాక్టర్ చీటీ మీద అమ్మే మందులే. జరిమానా, సస్పెండ్ చేసిన శిక్షతో కేసు ముగిసింది. ఆ మాత్రల అలవాటు మాత్రం ఆయన్ను చాలా ఏళ్లు పీడించింది.

పాట పుట్టింది జర్మనీలో. 1950–54 మధ్య అమెరికా వైమానిక దళంలో ఉంటూ, లాండ్స్‌బర్గ్‌లో సోవియట్ మోర్స్ సంకేతాలు వినే పనిలో ఉండగా, కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ జైలు మీద తీసిన సినిమా చూసి రాశాడు. బాణీ, కొన్ని పంక్తులు గార్డన్ జెంకిన్స్ పాట ‘క్రెసెంట్ సిటీ బ్లూస్’వి. 1970లలో దానికి నష్టపరిహారం చెల్లించాడు. అభిమానులు ఇది దాచనక్కర్లేదు. కథను జైలుకు మార్చి, ఆ దరువు మీద నడిపించింది మాత్రం ఆయనే.

1968 జనవరి 13న ఫాల్సమ్ భోజనశాలలో ఖైదీల ముందు రెండు ప్రదర్శనలిచ్చాడు. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం మొదటిదాని నుంచే తీసుకున్నారు. పాటలో రెనో ఊళ్లో మనిషిని కాల్చానన్న పంక్తి దగ్గర వినిపించే కేకలు తర్వాత స్టూడియోలో కలిపినవి.

ప్ర: పత్తి ఏరిన కుటుంబం నుంచి వచ్చాడని రాశారు. సొంత పొలమా, కూలీకా? (ఆదిలాబాద్)

జ: 1935లో ఆర్కన్సాలోని డైస్‌లో, ఇల్లూవాకిలీ కోల్పోయిన రైతుల కోసం ప్రభుత్వం కట్టిన కాలనీలో వాళ్లకు ఇల్లు, 20 ఎకరాలు దక్కాయి. ఉచితం కాదు, పంట మీద తీర్చాల్సిన అప్పు. అడవి కొట్టి, బురదనేల చదును చేసి పత్తి వేశారు. 1937 వరదకు ఇల్లు వదిలి పోవాల్సి వచ్చింది. ‘ఫైవ్ ఫీట్ హై అండ్ రైజింగ్’ పాట దాని గురించే. 1944లో అన్న జాక్ రంపపు యంత్రం మీద పడి చనిపోయాడు. అప్పటికి తమ్ముడికి పన్నెండేళ్లు. కొడుక్కి పాట పాఠాలు చెప్పించడానికి తల్లి క్యారీ బట్టలుతికి డబ్బు కూడబెట్టింది. మూడు పాఠాలయ్యాక, ఈ గొంతును ఎవరినీ మార్చనివ్వకు అని టీచర్ పంపేసింది.

ప్ర: మెంఫిస్‌లో ఉంటున్నాం. పిల్లలతో ఏం చూడొచ్చు? (అమెరికా నుంచి)

జ: ఊళ్లోనే 706 యూనియన్ అవెన్యూలో సన్ స్టూడియో ఉంది. ఎంత చిన్న గదో చూస్తే పై జవాబులు ఇంకా బాగా అర్థమవుతాయి. డైస్‌లోని ఇంటిని ఆర్కన్సా స్టేట్ యూనివర్సిటీ బాగుచేసి 2014లో తెరిచింది. కారులో గంట ప్రయాణం. వేళలు ముందు కనుక్కోండి. నాష్‌విల్ దగ్గర హెండర్సన్‌విల్‌లో క్యాష్ తర్వాత ఉన్న సరస్సు ఒడ్డు ఇల్లు 2007లో కాలిపోయింది, దానికోసం వెళ్లకండి.

ప్ర: ఒక్క ఆల్బమ్‌తో మొదలుపెట్టాలంటే? (నెల్లూరు)

జ: ‘ఎట్ ఫాల్సమ్ ప్రిజన్’. ఆ వెంటనే 1994 నాటి ‘అమెరికన్ రికార్డింగ్స్’ వినండి. 1986లో కొలంబియా కంపెనీ వదిలేసిన గాయకుణ్ని నిర్మాత రిక్ రూబిన్ ఒక్క గిటారు చేతికిచ్చి కూర్చోబెట్టి పాడించిన రికార్డు అది. మెరుగులు ఏవీ లేవు, తీగకు వేలు తగిలే చప్పుడు సైతం వినిపిస్తుంది. ‘హర్ట్’ను మాత్రం చివరికి ఉంచుకోండి. ట్రెంట్ రెజ్నర్ రాసిన ఆ పాటను క్యాష్ 2002 ఆల్బమ్‌లో, దాదాపు కదలని గొంతుతో పాడాడు. యవ్వనంలోని గొంతు ముందు విని ఉంటేనే ఇక్కడ ఏం మారిందో తెలుస్తుంది.