పది లక్షలతో ట్రస్టు పెడితే ఎన్నాళ్లు నడుస్తుంది?

మీ నాన్నగారి పేరిట హనుమకొండలో ట్రస్టు పెట్టి, పది లక్షల మీద వచ్చే వడ్డీతో పేద పిల్లల ఫీజులు కడతామంటున్నారు. ఎన్నాళ్లు నడుస్తుందని మీ ప్రశ్న. వడ్డీలో కొంత ఏటా అసలులో కలుపుతూ పోతే మీ మనవళ్ల కాలానికీ నడుస్తుంది. వడ్డీ అంతా ఖర్చు చేస్తే అసలు సొమ్ము పెరగదు, ఫీజులు పెరుగుతూ పోతాయి, కొన్నేళ్లకు పేరున్న బోర్డు మాత్రమే మిగులుతుంది.

నేను ఇక్కడే ఒక చిన్న ట్రస్టుకు కోశాధికారిని. ఇంటర్ చదివే ఆడపిల్లలకు ఫీజులు కడతాం. 2012లో పది లక్షల డిపాజిట్ మీద ఏటా 90 వేలు వచ్చేవి. 2020లో అదే సొమ్మును మళ్లీ డిపాజిట్ చేస్తే 54 వేలే. ఫీజులు మాత్రం తగ్గలేదు. అది కరోనా ఏడాది, తల్లిదండ్రులకు పనుల్లేవు. "ఈ ఒక్కసారికి అసలులోంచి తీద్దాం" అని మాలో పెద్దాయన పట్టుబట్టారు. ఆయనది జాలిగుండె, ఎదురు చెప్పడం కష్టం. నేను బీరువాలోంచి ఒక గీతల కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. పరకాల వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఐదు వేల చెక్కుకు జతచేసి పంపినది. "ఈ సొమ్ము మూలధనంలోనే ఉంచాలి, వడ్డీ మాత్రమే వాడాలి" అని నీలం సిరాతో ఒకే వాక్యం, కింద సంతకం. పెద్దాయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "సరే, తలా కొంత వేసుకుందాం" అన్నారు. ఫీజులు కట్టాం, అసలు సొమ్ము కదలలేదు.

మూలధనానికి ఇచ్చే ప్రతి దాత దగ్గరా అలాంటి ఉత్తరం తప్పకుండా తీసుకోండి. ఆదాయపు పన్ను లెక్కల్లోనూ అదే ఆధారం.

దాతల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఫ్యాను ఇచ్చి రెక్క మీద పేరు రాయించుకునేవాళ్లు కావలసినంత మంది. ఆడిటర్ ఫీజుకు వెయ్యి రూపాయలు అడిగితే పలికేవాళ్లుండరు. 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గుడితో ఆగలేదు, దేవుడి సేవలు సాగడానికి ఊళ్లను కూడా దానమిచ్చాడు. ఆ ముందుచూపు మన దాతలకు ఎందుకు ఉండదు?

ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ఆశయానికి ఖర్చు పెట్టాలి, 15 శాతం అట్టిపెట్టుకోవచ్చు. ఆ 15 శాతాన్ని ఒక్క ఏడాది కూడా వదలకుండా డిపాజిట్ చేయండి. ఆఫీసు అద్దెకు తీసుకోవద్దు. ఇంటర్ రెండేళ్ల చదువు కాబట్టి మొదటేడు పదిమందికి మాట ఇవ్వకండి. నలుగురిని తీసుకుని, వాళ్ల రెండో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూసుకోండి.