ఇంట్లో చెక్కపనికి ముందు ఏ మిషన్ కొనాలని అడిగారు కదా

"ఇంట్లోనే చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని చెక్క వస్తువులు చేసి అమ్మాలంటే ముందు ఏ మిషన్ కొనాలి?" అన్నది మీ ప్రశ్న. చెక్కలో తేమ కొలిచే మీటర్ కొనండి. నవ్వకండి. అరచేతిలో పట్టే ఆ డబ్బా లేకే నా తొలి ఆర్డర్‌లో పరువు పోయింది.

అదొక పెద్ద ట్రే. అడుగున ఒకే పలక, చుట్టూ చట్రం. పలక చక్కగా కూర్చుందన్న సంబరంలో నాలుగు అంచులకూ జిగురు దట్టంగా పూసి, ముక్కలు కదలకుండా నొక్కిపట్టే క్లాంపులు బిగించేశాను. పాలిష్ అయ్యాక అద్దంలా మెరిసింది. మూడు నెలలు తిరక్కుండానే ఫోన్: "రాత్రి టప్పుమని శబ్దం వచ్చిందండీ, లేచి చూస్తే చీలిపోయి ఉంది." వెళ్లి చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, నాణెం అంచు దూరేంత చీలిక. జిగురు మాత్రం ఎక్కడా ఊడలేదు. ఆ పని బాగా చెయ్యడమే కొంప ముంచింది.

చెక్క పొడవులో పెద్దగా మారదు. వెడల్పులో మాత్రం గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అడుగు వెడల్పు పలక రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గడం మామూలే. నాది పచ్చిగా ఉండగానే బిగించాను, ఆరేసరికి జిగురు కుంచించుకోనివ్వక చీలింది. ఇప్పుడైతే చట్రానికి గాడి తీసి పలకను వదులుగా కూర్చోబెడతాను. మీటర్ 12 శాతం దాటితే ఆ చెక్క జోలికే పోను.

ఇక మిషన్లంటారా? చేతి డ్రిల్, ఒక రంపం, చిత్రిక, రెండు ఉలులు, దొరికినన్ని క్లాంపులు చాలు. వీడియోల్లో గోడ నిండా మిషన్లు చూపించేవాళ్లు ఉలికి పదును పెడుతుండగా నేనెప్పుడూ చూడలేదు. టేబుల్ సా (బల్లకు బిగించిన రంపం మిషన్) డబ్బుతో ముందు దుమ్ము లాగే వాక్యూమ్, మంచి మాస్కు కొనుక్కోండి. చెక్క దుమ్ము క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. అన్నట్టు, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటికవే నిప్పంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టాలి.

అమ్మకం సంగతికొస్తే, ట్రే కోసి బిగించడానికి నాకు రెండు గంటలు పడుతుంది. గరుకైన 80 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి నున్నటి 220 దాకా రుద్ది, నూనె పూసి, ఆరాక మళ్లీ పూసేసరికి రెండు రోజులు గడిచిపోతాయి. మొదట్లో ధర కట్టేటప్పుడు ఆ రుద్దుడు లెక్కలోకే తీసుకోలేదు, నష్టమంతా అక్కడే. "ఇంట్లోనే చేస్తారుగా, ఖర్చేముంది?" అన్న ఒకాయనకి శాండ్‌పేపర్ చేతికిచ్చి రుద్దమన్నాను. పావుగంటకే భుజం పట్టేసిందన్నాడు. ధర మాత్రం తగ్గించమనే అడిగి వెళ్లాడు.