ఉద్యోగం మానేసి పుస్తకాలతో కోల్డ్ కిచెన్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. భార్య, ఆరేళ్ల కుమార్తె నా సంపాదన మీదే ఆధారపడి ఉన్నారు. జీతంలో 70 శాతం ఇంటి ఖర్చులకు పోతుంది. తొమ్మిది నెలల ఇంటి ఖర్చులకు సరిపడే సొమ్ము పొదుపు చేసి ఉంచాను. కోల్డ్ కిచెన్ పని, అంటే చల్లగా వడ్డించే పదార్థాల తయారీ, అందులోనూ టెరీన్లు (మాంసపు మిశ్రమాన్ని మూసలో నింపి ఉడికించి, చల్లార్చి ముక్కలుగా కోసేవి), పాటేలు (మెత్తగా రుబ్బిన మాంసపు ముద్దలు), సాసేజ్‌లు, ఉప్పు పట్టించి ఆరబెట్టే మాంసాలు వృత్తి స్థాయిలో నేర్చుకుని, తరువాత సొంతంగా తయారు చేసి అమ్మాలన్నది నా కోరిక. పాకశాస్త్ర కళాశాలలో ఏడాది కోర్సు ఫీజు నా 14 నెలల జీతంతో సమానం. అందుకని ఉద్యోగం మానేసి, ఏడాది పాటు ఇంట్లోనే పుస్తకాల సాయంతో నేర్చుకుందామనుకుంటున్నాను. 22 పుస్తకాల జాబితా సిద్ధం చేసుకున్నాను. వాటి ఖరీదు ఒక నెల జీతమంత అవుతుంది. గ్రైండర్, మాంసం ఆరబెట్టే క్యాబినెట్ వంటి పరికరాల కోసం నాలుగు నెలల జీతమంత రుణాన్ని 12 శాతం వడ్డీకి, రెండేళ్ల వాయిదాలలో తీసుకోవాలనుకుంటున్నాను. ఈ ఆలోచన సరైనదేనా? అవసరమైతే పదవీ విరమణ కోసం దాచిన నిధి నుంచి కొంత తీసుకోవచ్చా?

జవాబు: పుస్తకాలతో నేర్చుకోవాలన్న మీ ఆలోచనలో తప్పు లేదు. అందుకోసం ఉద్యోగం మానడం, రుణం తీసుకోవడం మాత్రం సరికాదు. మీరిచ్చిన అంకెలే ఈ మాట చెబుతున్నాయి కాబట్టి ముందుగా వాటినే చూద్దాం.

తొమ్మిది నెలల ఇంటి ఖర్చులంటే మీ లెక్కన సుమారు 6.3 నెలల జీతం. అందులో ఒక నెల జీతం పుస్తకాలకు పోతే 5.3 నెలల జీతం మిగులుతుంది. మీరు చెప్పిన రుణానికి నెలసరి వాయిదా జీతంలో దాదాపు 19 శాతం ఉంటుంది. ఇంటి ఖర్చు 70 శాతం, వాయిదా 19 శాతం, సాధనకు కావలసిన మాంసం, కొవ్వు, మసాలా దినుసులకు తక్కువలో తక్కువ 10 శాతం కలుపుకుంటే, జీతం రాని ప్రతి నెలా దాదాపు పూర్తి జీతమంత సొమ్ము బయటకు వెళుతుంది. అంటే ఏడాది కోసం వేసుకున్న ప్రణాళికకు ఆరో నెలలోనే డబ్బు అయిపోతుంది.

ఇక ఆ ఆరు నెలల్లో ఏం తయారవుతుందో ఆలోచించండి. సన్నపాటి సలామి అనే సాసేజ్ పులిసి ఆరడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు, మెడ భాగపు కండను ఉప్పు పట్టించి ఆరబెట్టడానికి రెండు మూడు నెలలు పడతాయి. ఎముకతో కూడిన పంది తొడను హామ్‌గా మార్చడానికి ఏడాదిలో ఎక్కువ భాగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం కావాలి. మొదటి హామ్ కోసి, అది బాగా వచ్చిందో లేదో తెలుసుకునే నాటికి మీ పొదుపు ఖాతా ఖాళీ అయి కొన్ని నెలలు గడిచి ఉంటాయి. మొదటి ప్రయత్నంలో వచ్చిన తప్పును దిద్దుకోవడానికి రెండో హామ్ వేయాలంటే మరో ఏడాది కావాలి. ఇంత నిదానంగా ఫలితమిచ్చే విద్యకు జీతం లేని సమయాన్ని కేటాయించడం అన్నింటికంటే ఖరీదైన పద్ధతి.

ఆరబెట్టే మాంసానికి ఇంకొక ఆర్థిక లక్షణం ఉంది. అకౌంట్స్‌లో పనిచేసే మీకు ఇది వెంటనే అర్థమవుతుంది. పది కిలోల మాంసం కొని, పనికిరాని భాగాలు తీసేస్తే తొమ్మిది కిలోలు మిగిలిందనుకుందాం. ఆరే క్రమంలో బరువు సాధారణంగా 30 నుంచి 40 శాతం తగ్గుతుంది. 35 శాతం తగ్గిందనుకుంటే 5.85 కిలోలు చేతికొస్తుంది. ముక్కలు కోసేటప్పుడు గట్టిపడిన అంచులు పోగా అమ్మదగినది ఐదున్నర కిలోలు. అంటే కిలో ముడి మాంసం ధర ఎంతైనా, కిలో సరుకుకు మాంసం ఖర్చు ఒక్కటే దానికి 1.8 రెట్లు అవుతుంది. నెలల తరబడి ఆ సొమ్ము చిక్కుకుపోవడం, దాన్ని 12 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 70 నుంచి 80 శాతం తేమలో నిలిపి ఉంచడానికి అయ్యే విద్యుత్ ఖర్చు, మధ్యలో అక్కరలేని బూజు పట్టి పారేయవలసి వచ్చే సరుకు, ఇవన్నీ వేరు. చాలా వంట పుస్తకాలలో వీటికి పద్దు కనిపించదు. రుణం తెచ్చి క్యాబినెట్ కొనడమంటే, ఈ పనిలో డబ్బు అన్నింటికంటే ఎక్కువ కాలం నిలిచిపోయే భాగాన్ని మొట్టమొదట మొదలుపెట్టడమే.

క్రమం తిరగేయండి. ఈ విద్యలో తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో, మళ్లీ మళ్లీ సాధన చేయగలిగే భాగం చాలా పెద్దది. చల్లని సాస్‌లు, మయొనీజ్ వంటి ఎమల్షన్లు (కొవ్వు, నీరు విడిపోకుండా కలిసిన మిశ్రమాలు), సలాడ్లు, జెలటిన్‌తో గట్టిపరిచే ఆస్పిక్, ఉప్పు చక్కెరలతో ఊరబెట్టే చేప, కోడి మాంసపు మూసలీన్ (మాంసాన్ని మీగడతో మెత్తగా రుబ్బిన మిశ్రమం), టెరీన్ వీటిలో ప్రధానమైనవి. మూసలీన్‌ను పావు కిలో మాంసంతో ఒక సాయంత్రంలో చేయవచ్చు. విరిగిపోతే నష్టం పావు కిలో మాంసమే. టెరీన్ మిశ్రమాన్ని మూసలో నింపే ముందు చిన్న ఉండ చేసి, నీళ్లలో ఉడికించి, పూర్తిగా చల్లార్చి రుచి చూడాలి. చల్లని పదార్థంలో ఉప్పు, కారం నాలుకకు తక్కువగా తెలుస్తాయి కాబట్టి వేడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించినది చల్లబడ్డాక చప్పగా ఉంటుంది. ఆ చిన్న ఉండ పూర్తి టెరీన్‌ను కాపాడుతుంది. నా దృష్టిలో ఈ వృత్తిలో దొరికే అత్యంత చౌకైన బీమా అదే.

ఆ తరువాత తాజా సాసేజ్‌లు, వాటి వెనుక ఎమల్షన్ సాసేజ్‌లు. ఈ రెండో రకానికి ఐదు పాళ్ల మాంసం, నాలుగు పాళ్ల కొవ్వు, మూడు పాళ్ల మంచు అన్న కొలత వృత్తి వంటగదుల్లో వాడుకలో ఉంది. రుబ్బే సమయంలో మిశ్రమం వేడెక్కితే కొవ్వు విడిపోతుంది. ఆ విడిపోయే క్షణం ఎలా ఉంటుందో పుస్తకం వర్ణించగలదు గాని, మీ చేతికి నేర్పలేదు, నాలుగైదుసార్లు విరగనివ్వాలి. ఈ సరుకు నష్టాన్ని దుబారాగా కాక ఫీజుగానే లెక్కలో రాసుకోండి. బేకన్, ఉప్పునీటిలో ఊరబెట్టి ఉడికించే హామ్ వంటివి దీని తరువాత వస్తాయి. ఆరబెట్టే మాంసాల వంతు చివరిది.

పుస్తకాల విషయానికి వస్తే, 22 అక్కరలేదు, మూడు చాలు. కోల్డ్ కిచెన్ మొత్తాన్ని పాఠ్యక్రమంగా చెప్పే సమగ్ర గ్రంథం ఒకటి, ఉప్పు పట్టించడం, పొగబెట్టడం, ఆరబెట్టడం గురించి వివరించేది ఒకటి, ఆహార భద్రత మీద ఒకటి. ప్రతి దినుసునూ మాంసం బరువులో ఇంత శాతమని చెప్పే పుస్తకాన్నే ఎంచుకోండి. కప్పులు, చెంచాల కొలతలు ఈ పనికి పనికిరావు. సలాడ్లు, టెరీన్ల మీద పాత ముద్రణలు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఇబ్బంది లేదు, గ్రంథాలయంలో దొరికితే ఇంకా మంచిది. క్యూరింగ్ (ఉప్పు పట్టించి నిలవచేయడం) పుస్తకం దగ్గర మాత్రం పొదుపు చేయకండి. పాత పుస్తకాలలో సురేకారం (పొటాషియం నైట్రేట్) వాడమని ఉంటుంది. అది మాంసంలో ఎంత వేగంగా, ఎంత మేరకు ప్రమాదకర క్రిములను అడ్డుకునే నైట్రైట్‌గా మారుతుందో ముందుగా చెప్పలేం. ఈనాటి పద్ధతిలో కొలత ముందే కలిపి ఉన్న క్యూరింగ్ సాల్ట్ వాడతారు. మిగతా 19 పుస్తకాల మీద మీకున్న మోజును నేను అర్థం చేసుకోగలను, కాని అవి సాధనకు మూలధనం కావు.

పరికరాలలోనూ ఇదే వరస పాటించాలి. మొదటి కొనుగోలు గ్రైండర్ కాదు, గ్రాములో పదో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు. ఎందుకో చెబుతాను. మొదటి రకం క్యూరింగ్ సాల్ట్‌లో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది. సాధారణంగా దాన్ని కిలో మాంసానికి 2.5 గ్రాములు వాడతారు. అప్పుడు కిలో మాంసంలో నైట్రైట్ సుమారు 156 మిల్లీగ్రాములు అవుతుంది. గ్రాము చొప్పున మాత్రమే చూపే వంటింటి త్రాసులో రెండున్నర గ్రాములు రెండుగానో మూడుగానో కనిపిస్తాయి, అంటే 20 శాతం తేడా. తక్కువైతే రక్షణ తగ్గుతుంది, ఎక్కువైతే అదే విషం. రెండో రకంలో నైట్రైట్‌తో పాటు నైట్రేట్ కూడా ఉంటుంది. అది నెలల తరబడి ఆరే మాంసాలకు ఉద్దేశించినది కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. త్రాసు తరువాత లోపలి వేడిని చూపే థర్మామీటర్, ఒక టెరీన్ మూస, చిన్న గ్రైండర్, ఆపైన స్టఫర్ (సాసేజ్ తొడుగులో మిశ్రమం నింపే పరికరం) కొనండి. వీటన్నింటినీ నెలసరి మిగులులోంచి ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు, రుణం అక్కరలేదు.

ఇక్కడ పుస్తకం మీద ఆధారపడకూడని విషయం ఒకటి ఉంది. కోల్డ్ కిచెన్‌లో చాలా పదార్థాలను వడ్డించే ముందు మళ్లీ వేడి చేయరు. కాబట్టి మధ్యలో జరిగిన తప్పును చివరి మంట సరిచేయదు. లిస్టీరియా అనే హానికర బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. బాటులినం అనే బ్యాక్టీరియా విడుదల చేసే విషం ఉన్న మాంసం వాసనలో, రంగులో, రుచిలో ఏ తేడా చూపకపోవచ్చు. అందుచేత సాధన మొదలుపెట్టిన మొదటి నెలలోనే ఆహార భద్రత మీద గుర్తింపు పొందిన స్వల్పకాలిక శిక్షణకు ఫీజు కట్టండి. 1960ల్లో అంతరిక్ష యాత్రికుల ఆహారం కోసం నాసాతో కలిసి పిల్స్‌బరీ సంస్థ రూపొందించిన హ్యాసప్ (తయారీలో ప్రమాదం వచ్చే దశలను ముందే గుర్తించి అదుపు చేసే) పద్ధతి మీద ఆధారపడిన ప్రణాళికను మాంసపు ఉత్పత్తుల తయారీదారుల నుంచి చాలా దేశాల అధికారులు అడుగుతారు. అది రాయడం నేర్చుకుంటే కొలతల పట్టిక, వేడి నమోదు, నష్టాల పద్దు అన్నీ మీ అలవాటులోకి వస్తాయి. ఈ ఒక్క విషయంలో మీ అకౌంట్స్ అనుభవం చాలామంది వంటవారికి లేని బలం.

ఇప్పుడు మూడు దారుల ఖర్చు పక్కపక్కన పెట్టి చూద్దాం. కళాశాలలో చేరితే ఫీజు 14 నెలల జీతం, చదివే ఏడాదిలో కోల్పోయే జీతం 12 నెలలది, మొత్తం 26. మీరు అనుకున్న దారిలో కోల్పోయే జీతం 12, పుస్తకాలు 1, రుణం వడ్డీతో నాలుగున్నర, సరుకు 1.2, మొత్తం దాదాపు 19 నెలల జీతం. నేను చెప్పే మూడో దారిలో ఉద్యోగం చేస్తూనే జీతంలో 10 శాతాన్ని ప్రతి నెలా సాధన ఖాతాలో వేయాలి. పుస్తకాలు, పరికరాలు, సరుకు, శిక్షణ ఫీజు అన్నీ అందులోంచే రావాలి. ఏడాదికి 1.2 నెలల జీతం అవుతుంది. మిగులులోని మిగతా 20 శాతం పొదుపులోకి వెళుతుంది.

ఆ 20 శాతానికి ఒక పని ఉంది. పుస్తకాలు ఇవ్వలేనిది మీ పక్కన నిలబడి, మీరు రుబ్బిన మిశ్రమాన్ని వేళ్లతో నొక్కి చూసి, ఇంకా కలపాలో ఆపాలో చెప్పే మనిషిని. ఆ మనిషి దొరికేది నడుస్తున్న వంటగదిలోనే. చాలా హోటళ్లలో కొత్తగా చేరినవారికి మొదట అప్పగించేది చల్లని పదార్థాల విభాగాన్నే. ఈ సంగతి మీకు కలిసివస్తుంది. మొదటి ఏడాది ఇంట్లో సాధన చేసి, వీలైతే సెలవు రోజుల్లో ఏదైనా వంటగదిలో పనిచేసి, రెండో ఏడాది జీతం సగానికి తగ్గినా సరే, అటువంటి ఉద్యోగంలోకి మారడం గురించి ఆలోచించవచ్చు. మీ ఇంటి ఖర్చు 70 శాతం, కొత్త జీతం 50 శాతం అయితే నెలకు 20 శాతం లోటు వస్తుంది. మొదటి ఏడాది నెలకు 20 శాతం చొప్పున దాచినది సరిగ్గా ఆ ఏడాది లోటును భరిస్తుంది. ఇప్పుడున్న తొమ్మిది నెలల నిధి అలాగే మిగులుతుంది. ఉద్యోగం మారినప్పుడు యజమాని ద్వారా వచ్చే ఆరోగ్య బీమా పోవచ్చు కనుక, కుటుంబం పేరున సొంత పాలసీని అంతకు ముందే తీసుకోండి.

అమ్మకం వేరే నిర్ణయం, దానికి వేరే ఖాతా. నేర్చుకోవడానికి పెట్టిన సొమ్మును రాబట్టుకోవాలన్న తొందరలో ఇంట్లో చేసిన మాంసాన్ని తెలిసినవారికి అమ్మడం మొదలుపెట్టవద్దు. మాంసపు ఉత్పత్తులకు, ముఖ్యంగా ఆరబెట్టినవాటికి, ఇంటి వంటగదిలో అనుమతి దొరకడం చాలా చోట్ల కష్టం. సాధారణ గృహ బీమా వ్యాపార నష్టాన్ని భరించదు. ఒక్కరికి జబ్బు చేసినా బాధ్యత మీ వ్యక్తిగత ఆస్తుల మీదకు రావచ్చు. సాధన కాలంలో ప్రతి వంటకానికీ ఒక కాగితం రాయండి: ముడి సరుకు ధర, చేతికొచ్చిన బరువు, పట్టిన గంటలు, ఎన్ని రోజులు నిలిచింది. దినుసుల ఖర్చు అమ్మకం ధరలో దాదాపు 30 శాతం దాటకూడదన్నది హోటల్ రంగంలో తరచు పాటించే అంచనా. మీ కాగితాల ప్రకారం ఏ వంటకాలు ఆ గీత లోపల నిలుస్తాయో ఏడాది చివర చూడండి. హామ్‌ల కంటే కోత ముక్కలతో చేసే పాటేలు, టెరీన్లే నిలుస్తాయని నా అంచనా.

పదవీ విరమణ నిధిని ముట్టుకోవద్దు. ఆ నిధికి మీ వయసులో ఇంకా పాతికేళ్లకు పైగా పెరిగే సమయం ఉంది. ఏడాదికి 8 శాతం వృద్ధి అనుకుంటే ఈ రోజు తీసే ఒక నెల జీతం పాతికేళ్ల తరువాత దాదాపు ఏడు నెలల జీతానికి సమానమయ్యేది. గడువుకు ముందే తీస్తే పన్ను, జరిమానా పడే పథకాలూ ఉన్నాయి. రుణ దరఖాస్తు ఇప్పటికే ఇచ్చి ఉంటే, సొమ్ము మీ ఖాతాలోకి రాకముందే రద్దు చేసుకోండి. ఆరబెట్టే క్యాబినెట్ అవసరం నిజంగా వచ్చే రెండో ఏడాదిలో, పాత ఫ్రిజ్‌కు వేడినీ తేమనూ అదుపు చేసే పరికరాలు అమర్చుకుని మొదలుపెట్టవచ్చు. దాని ఖర్చు సాధన ఖాతా నుంచే వస్తుంది.