చెక్కల నేల కింద గ్యాస్ గొట్టం: మేస్త్రికి డబ్బు ఆపవచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇల్లు బాగుచేయిస్తూ హాల్లో టేకు చెక్కలతో నేల వేయించాను. మేస్త్రి రాసిచ్చిన ఎస్టిమేటు తప్ప ఒప్పందం కాగితాలేమీ లేవు. హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చేసరికి, సిలిండర్ పెరట్లో పెట్టి, రాగి గొట్టాన్ని కొత్త చెక్కల కిందుగా వంటింట్లోకి లాగేశాడు. నేను చెప్పలేదు. తీసెయ్యమంటే చెక్కలు పాడవుతాయంటాడు, పైగా గొట్టానికి వేరే డబ్బడుగుతున్నాడు. బాకీ ఆపితే కేసు పెడతానంటున్నాడు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ గొట్టం మీద పొయ్యి వెలిగించకండి. రెగ్యులేటర్ తీసి సిలిండర్‌కి మూత పెట్టేయండి. మీ ప్రాణానికీ, మీ కేసుకూ రెండింటికీ అదే ముఖ్యం.

ప్రాణం సంగతి ముందు చెబుతాను. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, కిందికి దిగి పల్లంలో పేరుకుంటుంది. రీపర్ల (సన్నటి చెక్క బద్దల) మీద వేసిన చెక్కలకూ సిమెంటు నేలకూ మధ్య ఉండే సందు సరిగ్గా అలాంటి చోటే. చెక్క బిగించేటప్పుడు ఒక్క మేకు గొట్టాన్ని గీరినా పైకి కనబడదు. జాయింట్లకు సబ్బు నురగ రాసి చూద్దామంటే చెయ్యి దూరదు. మన డెల్టాలో వానాకాలం వస్తే చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. ఆ కదలిక గొట్టం మీదా పడుతుంది. 2014 జూన్ 27న వశిష్ఠ గోదావరికి అవతల నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఏం జరిగిందో మీ ప్రాంతం వారికి నేను చెప్పనక్కర్లేదు. అది పెద్ద లైను, ఇది ఇంటి గొట్టం. అయినా లీకైన గ్యాస్ మూసుకుపోయిన చోట నిలవడం ఎక్కడైనా ప్రమాదమే.

ఇక చట్టం. మీరు అడగని పనికి ఆయన డబ్బు అడగడానికి ఆధారం 1872 కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా మరొకరికి పని చేసిపెడితే, దాని వల్ల లాభం అనుభవించినవారు పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. కీలకం ‘అనుభవించిన’ దగ్గరే ఉంది. నాలుగు నెలలు ఆ గొట్టం మీద వంట చేసుకుని, తర్వాత ‘నేను చెప్పలేదు’ అంటే కోర్టు నమ్మడం కష్టం. వాడకుండా, వద్దని వెంటనే రాసి పంపితే ఆయన వాదనకు బలం ఉండదు.

కాబట్టి ఈ వారమే నోటీసు పంపండి. గొట్టం ఎస్టిమేటులో లేదనీ, మీరు ఒప్పుకోలేదనీ, ఫలానా తేదీలోగా తన ఖర్చుతో తీసి చెక్కలు మళ్లీ సరిగా బిగించాలనీ, లేకపోతే వేరేవాళ్లతో చేయించి ఆ ఖర్చు బాకీలో మినహాయిస్తాననీ రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. బాకీ మొత్తం ఆపెయ్యడం మాత్రం నాకు నచ్చదు. నేల పని బాగా చేసి ఉంటే దాని డబ్బు ఆయన కష్టార్జితం. గొట్టం తియ్యడానికీ చెక్కలు బాగుచేయడానికీ అయ్యేంత ఉంచుకుని మిగతాది ఇచ్చేయండి. రేపు కోర్టుకెళ్లినా న్యాయం మీవైపు కనిపిస్తుంది.

ఆయన కేసు వేస్తే అది సివిల్ దావా. ఆ పని మీరు చెయ్యమన్నారని ఆయనే రుజువు చెయ్యాలి. బాకీ కోసం పోలీసులతో పట్టిస్తానంటే భయపడకండి.

మీరూ వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంటి నిర్మాణం కూడా ‘సేవే’. కాగితాల్లేని మేస్త్రి అయినా డబ్బు తీసుకుని చేస్తే బాధ్యుడే. గడువు 2 సంవత్సరాలు. పని విలువ 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ముందుగా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది కాబట్టి 15100కి చేసి లాయరునూ అడగండి.

చెక్కలు లేపేటప్పుడు గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌ను పిలిపించి, చూసింది చూసినట్టు రాయించుకుని సంతకం పెట్టించండి. మేకులూ, గొట్టం వంపులూ, జాయింట్లూ కనబడేలా ఫోటోలు తీయండి. వాటిని ఫోన్‌లోంచి చెరపొద్దు. వాటితో పాటు 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఆ ఫోటోలు ఏ ఫోన్‌లో, ఎలా తీసినవో తెలిపే సర్టిఫికెట్ ఇవ్వాల్సి రావచ్చు. ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయడం కూడా మంచిది. నమోదైన చిరునామాలో సిలిండర్ ప్రమాదం జరిగితే ఆయిల్ కంపెనీల బీమా ఉంటుంది కానీ, ఇలాంటి దొంగచాటు గొట్టాన్ని చూపి పేచీ పెట్టే వీలు వాళ్లకి ఇవ్వకూడదు.

సిలిండర్ పెరట్లోనే ఉండాలనుకుంటే, ఏజెన్సీ ఒప్పుకున్న మనిషి చేత గొట్టాన్ని బయటి గోడ వెంబడి కళ్లకు కనబడేలా వేయించి, పొయ్యి దగ్గర విడిగా వాల్వు పెట్టించండి. మేస్త్రి మాటలకొచ్చినప్పుడు ఎస్టిమేటు అసలు కాగితం ఆయన చేతికివ్వకండి, జిరాక్సు చూపించండి.