ల్యాబ్‌లో తేడా ఎక్కడ కొట్టింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బ్రెడ్‌బోర్డ్ మీద 555 టైమర్‌ (సమయాన్ని లెక్కగట్టే ఎనిమిది కాళ్ల చిప్, అంటే ఐసీ)తో ఎల్ఈడీ వెలిగి ఆరే సర్క్యూట్ కట్టాను. ఓసారి పనిచేస్తుంది, ఓసారి చెయ్యి దగ్గరికి తెచ్చినా ఆగిపోతుంది. ఐసీ మార్చాను, ఎల్ఈడీ మార్చాను, చివరికి మొత్తం పీకి మళ్లీ కట్టాను. రెండు ల్యాబ్ క్లాసులు దీనికే పోయాయి. లోపాన్ని పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా?
– ఎలక్ట్రానిక్స్ విద్యార్థిని, రెండో ఏడాది

జవాబు: ఉందండీ. ముందు మొత్తం పీకేయడం మానండి. పీకేస్తే లోపంతో పాటు దాని ఆనవాలూ పోతుంది. మళ్లీ కట్టేది మీ చేతులే కాబట్టి అదే తప్పు అదే చోట పడే అవకాశమూ ఎక్కువే.

చెయ్యి దగ్గరికి తెస్తే ఆగిపోతోందన్నారు. ఆ మాట చాలా చెబుతోంది. ముట్టుకుంటే ఆగేది లూజ్ కాంటాక్ట్. ముట్టకుండానే ఆగితే మాత్రం ఏదో పిన్‌ను ఎటూ కలపకుండా గాలికి వదిలేశారని అనుమానించాలి. 555లో మొదట చూడాల్సింది 4వ పిన్, అంటే రీసెట్. అది 8వ పిన్‌కి, అంటే ప్లస్ సప్లైకి కలిసి ఉండాలి. 5వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయండి.

తర్వాత మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల ప్రోబ్ 1వ పిన్, అంటే గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబ్ 8వ పిన్ మీద ఆనించండి. బోర్డు రంధ్రంలో కాదు, ఐసీ కాలి లోహం మీదే. సప్లై దగ్గర 5 వోల్టులు ఉన్నా ఐసీ కాలి దగ్గర సున్నా ఉండొచ్చు. ఎందుకంటే చాలా పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో అంచున ఉండే ప్లస్, మైనస్ పట్టీలు నడిమధ్యలో తెగి ఉంటాయి. వాటి పక్కన గీసిన ఎర్ర, నీలం గీతల మధ్యలో ఖాళీ కనిపిస్తే అదే గుర్తు. అక్కడ జంపర్ వేసి రెండు ముక్కలూ కలపాలి.

సప్లై బాగుంటే సర్క్యూట్‌ను టైమింగ్ భాగం, అవుట్‌పుట్ భాగం అని రెండుగా చూడండి. 7, 8 పిన్ల మధ్య 10 కిలో ఓమ్‌లు, 6, 7 పిన్ల మధ్య 68 కిలో ఓమ్‌లు పెట్టి, 2, 6 పిన్లను కలిపి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే ఎల్ఈడీ దాదాపు సెకనుకోసారి వెలిగి ఆరుతుంది. ఇప్పుడు ఎర్ర ప్రోబ్ 6వ పిన్ మీద పెట్టండి. మీటర్‌లో అంకెలు సుమారు 1.7 నుంచి 3.3 వోల్టుల దాకా ఎక్కుతూ దిగుతూ ఉండాలి. 5 వోల్టుల్లో మూడో వంతు, మూడింట రెండు వంతులు అవే. అంకెలు అలా ఊగుతున్నా ఎల్ఈడీ వెలగకపోతే తేడా 3వ పిన్, అంటే అవుట్‌పుట్ తర్వాతే ఉంది: ఎల్ఈడీ తిరగేసి పెట్టి ఉండొచ్చు, లేదా 330 ఓమ్‌ల రెసిస్టర్ కాలు పక్క వరుసలో పడి ఉండొచ్చు. ఊగకుండా ఒకేచోట నిలిచిపోతే టైమింగ్ వైపు వెతకండి. ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్ ఒంటి మీద చార ఉన్నవైపు కాలు గ్రౌండ్‌కే పోవాలి. ఈ ఒక్క కొలతతో సగం సర్క్యూట్ మీద అనుమానం తీరిపోతుంది. ఐసీలు ఎన్ని మార్చినా ఇంత సమాచారం రాదు.

లూజ్ కాంటాక్ట్ అయితే వైరు చివర చూడండి. 22 గేజ్ ఒంటి తీగ వైరును 7, 8 మిల్లీమీటర్లు ఒలిచి నిటారుగా దించాలి. తక్కువ ఒలిస్తే ప్లాస్టిక్ తొడుగే లోపలి క్లిప్పులో ఇరుక్కుంటుంది, తీగ తగలదు. పైనుంచి చూస్తే గట్టిగా దిగినట్టే ఉంటుంది కాబట్టి కంటికి చిక్కదు. ఇంతకుముందు ఎవరైనా లావు కాళ్ల డయోడ్లు గుచ్చిన రంధ్రాల్లో క్లిప్పు సడలి ఉంటుంది. ఆ వరుసతో కుస్తీ పట్టకండి, పక్క వరుసకు మారండి.

ప్రశ్న: లోలకం ప్రయోగంలో దారం పొడవు 20 సెంటీమీటర్లు ఉన్నప్పుడు జీ (గురుత్వ త్వరణం) విలువ 9.33 వచ్చింది. 50కి 9.61, 100కి 9.70. గ్రాఫ్ సరళరేఖే గానీ మూలబిందువు గుండా పోవడం లేదు. రికార్డులో అన్నీ 9.8కి దగ్గరగా సర్దేయమని స్నేహితులు అంటున్నారు. సర్దేయనా?
– మొదటి ఏడాది విద్యార్థి

జవాబు: వద్దు బాబూ. నీ రీడింగుల్లో తప్పు ఏమిటో ఆ రీడింగులే చెబుతున్నాయి. సర్దేస్తే అది చెరిగిపోతుంది.

మూడు విలువలూ వరుసగా చూడు. దారం పొడవు పెరిగేకొద్దీ జీ కూడా పెరుగుతూ 9.8 వైపు వెళ్తోంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో తడబాటే అయితే కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ వచ్చేవి. ఇలా అన్నీ ఒకే వైపు, అదీ చిన్న పొడవులకు మరీ ఎక్కువగా తప్పితే, ప్రతి పొడవులోనూ ఒకే మొత్తం తగ్గిందని అర్థం. 1 సెంటీమీటర్ కలిపి చూడు: 9.33ని 21తో హెచ్చించి 20తో భాగిస్తే 9.80. 9.61ని 51తో హెచ్చించి 50తో భాగిస్తే 9.80. మూడోదీ అంతే. నువ్వు దారం ముడి దాకా కొలిచి ఉంటావు, గుండు మధ్య దాకా కొలవాలి. వెర్నియర్‌తో గుండు వ్యాసం కొలిచి సగం చెయ్యి, దానికి కొక్కెం పొడవు కలుపు. అది 1 సెంటీమీటర్ దగ్గర తేలితే లెక్క కుదిరినట్టే.

ఇక గ్రాఫ్. డోలన కాలం వర్గాన్ని నిలువు అక్షం మీద, పొడవును అడ్డ అక్షం మీద తీసుకుంటే నీ గీత అడ్డ అక్షాన్ని మైనస్ 1 సెంటీమీటర్ దగ్గర కోస్తుంది. వాలు మాత్రం మారదు, మీటరుకు 4.03 సెకన్ల వర్గం దగ్గరే ఉంటుంది. 39.48ని (4π²) దానితో భాగిస్తే 9.80. ఒక్కో రీడింగుతో కాకుండా గ్రాఫ్ వాలుతో జీ కట్టమనేది ఇందుకే. గీతను బలవంతంగా మూలబిందువు గుండా లాగితే ఈ లాభమంతా పోతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు ‘సున్నా’ అని మొదలుపెట్టు. ‘ఒకటి’ అని మొదలుపెడితే 20 అనుకున్నవి నిజానికి 19 డోలనాలే, అప్పుడు జీ 10.9 దగ్గర వస్తుంది. గుండు చివరికి వెళ్లినప్పుడు కాదు, మధ్య గుర్తును దాటేటప్పుడు నొక్కాలి. చివర్లో అది నెమ్మదించి తచ్చాడుతుంది, ఎప్పుడు తిరిగిందో కన్ను సరిగా పట్టలేదు. గుండును 10 డిగ్రీలకు మించి లాగకు. 30 డిగ్రీలు లాగితే డోలన కాలం 1.7 శాతం పెరుగుతుంది.

ప్రశ్న: సీ ప్రోగ్రాం నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. సబ్మిట్ చేస్తే కొన్ని టెస్టుల్లో తప్పు జవాబు, ఒకదాంట్లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం ఆగిపోవడం). కోడ్ ఒకటే కదా?
– కంప్యూటర్ సైన్స్ విద్యార్థి

జవాబు: కోడ్ ఒకటే, మెమరీలో మిగిలిపోయిన చెత్త వేరు. ఫంక్షన్ లోపల వేరియబుల్‌కు మొదటి విలువ ఇవ్వకపోతే అందులో ఏముంటుందో సీ హామీ ఇవ్వదు. మీ మెషిన్‌లో అదృష్టవశాత్తూ సున్నా ఉంటే జవాబు సరిగ్గా వస్తుంది. సబ్మిట్ చేసిన చోట అలా ఉండకపోవచ్చు. అలాగే 10 గదుల అర్రేకి గదులు 0 నుంచి 9 దాకానే. లూప్‌లో ‘10 కంటే తక్కువ’ అనాల్సిన చోట ‘తక్కువ లేదా సమానం’ అంటే పక్క వేరియబుల్ మీద రాసేస్తారు. అయిదు అక్షరాల పదానికి ఆరు గదులు కావాలి, చివరి గది పదం ముగిసిందని చెప్పే నల్ క్యారెక్టర్‌ది.

ఇవన్నీ కళ్లతో వెతకకండి. జీసీసీ కంపైలర్‌లో డబ్ల్యూ-ఆల్, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా ఫ్లాగులు పెట్టి, వచ్చిన ప్రతి వార్నింగూ పోయేదాకా సరిచేయండి. ఆపైన అడ్రస్ శానిటైజర్‌ (మెమరీ హద్దు దాటితే పట్టుకునే సాధనం), -g ఫ్లాగు పెట్టి కంపైల్ చేసి నడిపితే హద్దు దాటిన లైను నంబరుతో సహా చూపిస్తుంది.

తప్పు జవాబులకు కారణం వేరే అయ్యుండొచ్చు. 32 బిట్ల ఇంట్‌ (పూర్ణాంకాల వేరియబుల్)లో గరిష్ఠ విలువ 2,14,74,83,647. ఉదాహరణకు 12 ఫ్యాక్టోరియల్ అందులో పడుతుంది, 13 ఫ్యాక్టోరియల్ పట్టదు. మీరు 5 లాంటి చిన్న నంబర్లే ఇచ్చి చూసి ఉంటారు. ‘నంబరు ఇవ్వండి’ లాంటి అదనపు ప్రింట్లు కూడా తీసేయండి. జవాబులను పోల్చేది ప్రోగ్రామే, దానికి ఆ వాక్యం కూడా మీ జవాబులో భాగమే.

ప్రశ్న: నలుగురం కలిసి చేస్తున్న ప్రాజెక్టు. ఎవరి భాగం వాళ్ల దగ్గర పనిచేస్తోంది. సెన్సర్ బోర్డును డిస్‌ప్లే బోర్డుకు సీరియల్‌గా కలిపితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. డెమోకి పది రోజులే ఉంది.
– మూడో ఏడాది బృందం

జవాబు: రెండు బోర్డుల గ్రౌండ్లనూ వైరుతో కలిపారా? వేర్వేరు సప్లైలు వాడేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. తర్వాత రెండు వైపులా బాడ్ రేటు (డేటా పంపే వేగం) ఒకటేనా చూడండి. ఒకరు 9600, ఒకరు 1,15,200 పెట్టుకుంటే సరిగ్గా ఇలాంటి అక్షరాలే వస్తాయి. సెన్సర్ బోర్డు 5 వోల్టులది, డిస్‌ప్లే బోర్డు 3.3 వోల్టులది అయితే నేరుగా కలపకండి. పంపే పిన్‌ నుంచి 1 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్‌లు వేసి, రెండూ కలిసే చోటు నుంచి సిగ్నల్ తీసుకోండి.

అక్షరాలు కుదిరాక అసలు చిక్కు అంకెల్లో రావచ్చు. ఒకరు 27.3 డిగ్రీలను 273గా పంపుతారు, ఇంకొకరు దాన్ని 273 డిగ్రీలని చూపిస్తారు. ఈ రోజే నలుగురూ కూర్చుని యూనిట్లు, వరుస, లైను చివర ఏ గుర్తు, ఎంతసేపటికోసారి పంపాలి అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. సెన్సర్ సిద్ధం కాకపోయినా సెకనుకోసారి 25.0 పంపే చిన్న ప్రోగ్రాం పెట్టి, మిగతా ముగ్గురూ ఇవాళ్టి నుంచే దానితో కలిపి పరీక్షించండి. పనిచేసిన ప్రతి రూపాన్నీ గిట్‌ (కోడ్ పాత రూపాలను దాచే సాధనం)లో పేరు పెట్టి ట్యాగ్ చేసి ఉంచండి. డెమోకి రెండు రోజుల ముందు కోడ్ ముట్టుకోవడం ఆపేయండి.

యూఎస్‌బీ కేబుల్ కూడా ముందే చూసుకోండి. ఛార్జింగ్‌కి మాత్రమే చేసిన కేబుళ్లలో డేటా తీగలుండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం పోర్టు కనిపించదు. ముందు రోజు ప్రోగ్రాం ఎక్కించి చూసిన కేబుల్‌కే రంగు టేపు చుట్టి, బోర్డుతో పాటే పెట్టెలో పెట్టండి.